చిత్రమునకు చిక్కిన పసితనము

ఆదివారమునాడు ఏ నగరపు జంతుప్రదర్శనశాలకు పోయినను కోతుల ఆవరణము ముందే జనము క్రిక్కిఱిసి యుందురు. పులి నిద్రించును, ఎలుగుబంటి నీడలోనికి తొలగును, కోతి మాత్రము మనుష్యునికి అద్దము పట్టినట్లు ఎదుట నిలుచును. అందును పొట్టను కఱచుకొనిన పిల్లతో ఒక తల్లికోతి కనిపించినచో చెప్పనక్కఱలేదు. పదుల కొలది సెల్‌ఫోనులు ఒక్కమాఱుగా పైకి లేచును. తల్లి వీపు త్రిప్పును. చూపరులకు కావలసినది వీపు కాదు, పిల్ల మొగము. కావున ఒకడు ఈల వేయును. ఒకడు చప్పట్లు చఱచును. వేఱొకడు వేరుసెనగకాయ విసరును. తల్లి బెదరి ఇటు తిరుగును. పిల్ల కన్నులు ఆ క్షణమున చిత్రములో పడును. బంధువులకు పంపిన ఆ చిత్రమును చూచి ‘ఎంత ముద్దుగా నున్నది!’ అననివారుండరు. ఆ ముద్దునకు వెల చెల్లించిన దెవరన్న ప్రశ్న మాత్రము చిత్రములో కనబడదు.

విశిష్టాద్వైతులు శరణాగతిని గూర్చి చర్చించునపుడు రెండు న్యాయములు చెప్పుదురు. పిల్లి తన పిల్లను తానే నోట కఱచుకొని పోవును. అది మార్జాలకిశోర న్యాయము. కోతిపిల్ల యట్లు కాదు; తానే తల్లిని గట్టిగా పట్టుకొని యుండవలెను; అది మర్కటకిశోర న్యాయము. అడవి నెఱిగినవారి పోలిక యిది. తల్లి కొమ్మనుండి కొమ్మకు దుమికినను విడువని ఆ పట్టే కోతిపిల్లకు ప్రాణము.

ఆ పట్టు పాలకొఱకు మాత్రమే కాదని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో అను మనస్తత్త్వవేత్త 1950ల చివరి సంవత్సరములలో చూపెను. రీసస్ జాతి కోతిపిల్లలను తల్లులనుండి వేఱుచేసి, ఇనుపతీగతో నొకటి, మెత్తని గుడ్డతో నొకటి, రెండు కృత్రిమమాతలను వాటి యెదుట నిలిపెను. పాలు తీగతల్లి వద్దనే దొరకినను పిల్లలు అధికకాలము గుడ్డతల్లినే కఱచుకొని యుండినవి. వాత్సల్యమునకు స్పర్శ ఎంతటి మూలమో లోకమునకు తెలిసినది. కాని ఆ తెలివికి మూల్యము ఆ పిల్లలే చెల్లించినవి. ఒంటరిగా పెరిగినవి తోటికోతులతో మెలగుట నేర్వక, మూలల ముడుచుకొని ఊగుచు, తమ చేతులను తామే కొఱుకుకొనుచు బ్రతికినవి. వాటిలో తల్లులైనవి కొన్ని తమ పిల్లలనే చేరనీయలేదు.

బంధనము ప్రాణిని బాధించుటయే గాక, చూచువానిని సైతము మోసగించును. లండను జంతుప్రదర్శనశాలలో 1925లో ‘కోతుల గుట్ట’ యొకటి కట్టి, అందు సుమారు నూఱు హమద్రియాస్ బబూనులను విడిచిరి. దాదాపు అన్నియు మగవే. 1927లో మఱి ముప్పది ఆడువాటిని చేర్చిరి. పారిపోవ చోటులేని ఆ గుట్టపై మగవాటి పోరాటములలో ఆడువి నలిగి చచ్చినవి; పిల్లలలో బ్రతికినవి అత్యల్పము. ఆ రక్తపాతమును చూచిన పండితులు వానరసమాజ స్వభావమే యిట్టిదని తలచిరి. 1960లలో హన్స్ కుమ్మర్ ఇథియోపియా కొండలలో అదే జాతిని పరిశీలింపగా, అచట అవి క్రమము గల కుటుంబములుగా జీవించుచుండెను. గుట్టపై కనిపించినది బబూను స్వభావము కాదు; చెఱసాల స్వభావము.

ఛాయాచిత్రమునకును ఈ దోషమే గలదు. కోతి పండ్లు కనబఱచిన చిత్రమును చూచి ‘నవ్వుచున్నది’ అని మురియుదురు. ఆ జాతులలో అది తఱచుగా భయమునకు, లొంగుబాటునకు గుర్తు. కన్నార్పక సూటిగా చూచుట వాటి భాషలో కవ్వింపు. ఇక చిత్రయంత్రపు కన్ను ఆర్పుట యెఱుగనిది గదా! 1988లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, జనము ముందు నిలిచినపుడు కోతులలో కలహములు పెరిగినట్లు, చూపరులు గోడచాటున క్రుంగి తలలు మాత్రము కనబఱచినపుడు ఆ కలత తగ్గినట్లు తేలినది. క్రుంగిన చూపరి కోతికి తక్కువ శత్రువు.

ఇనుపకమ్ములు తీసి అగడ్తలు త్రవ్వు పద్ధతిని కార్ల్ హాగెన్‌బెక్ 1907లో జర్మనీలోని హాంబర్గు చెంత స్థాపించిన ఉద్యానములో లోకమునకు చూపెను. హైదరాబాదున మీర్ ఆలం చెఱువు చెంత 1963లో తెఱవబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలయు ఆ బాటలోనిదే. ఇది మేలైన మార్పే. ప్రాణికి నేల, చెట్టు, నీడ లభించినవి. అయినను కమ్ములు తొలగినది ముఖ్యముగా చూపరి కన్నులనుండి. చిత్రములో అది అడవివలె నుండును. అగడ్త అంచువఱకు పోయి మరలివచ్చు కోతికి మాత్రము హద్దు హద్దే.

అట్లని ప్రదర్శనశాలల నన్నిటిని మూయవలెననుట తొందరపాటు. బ్రెజిల్ తీరారణ్యములలోని బంగరు సింహ టామరిన్ అను చిన్నకోతి 1970లలో కొన్ని వందలకు క్షీణించినది. ప్రదర్శనశాలలలో పుట్టినవాటిని 1984 మొదలు మరల అడవిలో విడువనారంభించిరి. ఊగు కొమ్మలపై నడచుట, ఆహారము వెదకుట తెలియక మొదటివాటిలో అనేకము మరణించినవి. అయినను ఆ యత్నము ఫలించి, వాటి సంతతి నేడు అడవిలో నున్నది. పడమటి కనుమలలో దప్ప వేఱెచటను అడవిలో దొరకని సింహపుచ్ఛ వానరమునకు చెన్నై సమీపమున వండలూరులో సంతానవృద్ధి జరుగుచున్నది. అడవికి త్రోవ తెఱచి యుంచిన బంధనము వేఱు. వినోదమునకై మూసిన బంధనము వేఱు. రెండింటిని ఒక్కపేర పిలుచుటలోనే పొరపాటున్నది. ఏ ఆవరణము ముందైనను అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ పిల్ల యిచట పుట్టుట ఎవరికొఱకు?

వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ ప్రకారము ప్రదర్శనశాలలోని ప్రాణులను ఏడిపించుట, వాటికి తిండి పెట్టుట, సద్దుతో కలవరపఱచుట నిషిద్ధములు. ఈల వేయువానికి ఈ చట్టము తెలియకపోవచ్చును. తల్లి వీపు త్రిప్పుటకు అర్థము తెలియుటకు చట్టమక్కఱలేదు. పసిబిడ్డకు పాలిచ్చు తల్లి వాకిట పరాయివారి అడుగు వినబడినంతనే పమిట సవరించుకొని గోడవైపు మఱలును. ఆ యింటికి వచ్చినవారు తల వంచుకొని తొలగుదురే గాని, చప్పట్లు చఱచి ఇటు తిరుగుమనరు.

మెఱపుదీపము ఆర్పి, ఒక ప్రక్కగా నిలిచి, మౌనముగా వేచియున్నవానికి ఒక్కొక్కప్పుడు ఆ మొగము దానంతట కనబడవచ్చును. కనబడకపోయిన నాడు వాని చిత్రములో మిగులునది ఒక వీపు, దాని ప్రక్కనుండి తొంగిచూచు రెండు చిన్ని వ్రేళ్లు. బంధువులకు అది నచ్చకపోవచ్చును. కాని ఆ దినమున ఆ ఆవరణములో జరిగిన దానికి నిజమైన సాక్ష్యము ఆ చిత్రమే.