గాజుపోగుల జఠరదర్శిని

నోటినుండి జఠరమువరకు అన్ననాళము ఇంచుమించు నిలువుగనే దిగునను ఒక్క సంగతి నాధారము చేసికొని, 1868లో జర్మనీ దేశపు ఫ్రైబర్గు నగరమున ఆడాల్ఫ్ కుస్‌మౌల్ అను వైద్యుడు, కత్తులు మ్రింగు గారడీవాని నొకనిని పిలిపించి, తల వెనుకకు వాల్చిన వాని గొంతుగుండ 47 సెంటీమీటర్ల లోహనాళమును జఠరములోనికి దింపగలిగెను. నాళము దిగినది గాని వలసినంత వెలుగు దిగదయ్యెను. 1932లో రుడాల్ఫ్ షిండ్లరు, గియార్గ్ వుల్ఫ్ అను యంత్రశిల్పితో కలసి, కొనభాగము కొంత వంగునట్టి కటకనాళమును నిర్మించి జఠరపరీక్షను వైద్యులకు అలవాటు చేసెను. అయినను జఠరములోనే కొన్ని మూలలు చూపున కందక మిగిలిపోయెను.

వెలుగు ఋజుమార్గమున పోవునది. ప్రేవులా, మెలికలు తిరిగినవి. ఈ వైరుధ్యమును తీర్చినది గాజు. సన్నని గాజుపోగు కొనయందు ప్రవేశించిన కాంతి, గోడపై ఏటవాలుగా పడి, వెలికి పోజాలక లోలోపలనే ప్రతిఫలించుచు, పోగు ఎటు వంగిన నటు సాగి రెండవకొనకు చేరును. అట్టి వేలపోగులను ఇరుకొనలందును ఒకే క్రమమున అమర్చి కట్టగట్టినచో, ఒక్కొక్క పోగు చిత్రములోని యొక్కొక్క చుక్కను మోసికొనివచ్చునని 1954లో లండను ఇంపీరియల్ కళాశాలయందు హెరాల్డ్ హాప్కిన్సును, మన పంజాబునుండి వెళ్లిన నరీందర్ సింగ్ కపానీయు ప్రకటించిరి.

కాని పోగులు ఒకదానినొకటి తాకినచోట కాంతి పొరుగుపోగులోనికి జారి చిత్రము మసకబారెడిది. 1956 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయమున ఈ చిక్కు విప్పినవాడు, ఇంకను పట్టమైనను పుచ్చుకొనని లారెన్స్ కర్టిస్ అను విద్యార్థి. వక్రీభవనగుణము హెచ్చుగా గల గాజుకడ్డీని, అది తక్కువగా గల గాజుగొట్టములో దూర్చి, రెంటిని కలిపి కరగించి సన్నగా లాగి, ఆ పోగును ఓట్సు అట్టడబ్బాకు చుట్టెను. లోపలి గాజున నడచు కాంతికి పైగాజు కవచమయ్యెను. ఈ యంత్రచరిత్రలో దీనిని మించిన ఘట్టము లేదని నా దృఢవిశ్వాసము. 1957 ఫిబ్రవరిలో బేసిల్ హిర్షొవిట్జ్ అను వైద్యుడు, గొంతునకు మత్తుమందైనను లేకయే అట్టి పోగులతో కట్టిన నాళమును మొదట తానే మ్రింగి, కొలదిదినములలోనే ఒక రోగి చిన్నప్రేవు మొదటిభాగమునందలి పుండును కన్నులార చూచెను.

చూచిన కన్నునకు చేయి తోడయినది 1969లో. న్యూయార్కునందు విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అను వైద్యులు, పెద్దప్రేవున మొలచు పాలిప్ అను కండపిలక కాడకు, నాళములోనుండి పంపిన తీగయుచ్చును తగిలించి, మెల్లగా బిగించుచు విద్యుత్తును ప్రసరింపజేసిరి. కాడ తెగుటయు రక్తనాళము మూసికొనుటయు ఒక్కసారిగనే జరిగెను. ఏండ్లు గడచిన పిదప క్యాన్సరుగా మారగల పిలకను, పొట్ట కోయకయే తీసివేయుట ఎంతటి మేలో వేరుగా చెప్పవలెనా!

1983లో గాజుపోగుల స్థానమును నాళపు కొననమర్చిన సూక్ష్మకెమేరా ఆక్రమించెను. కాడలేక పరచుకొన్న తొలిదశ క్యాన్సరులను సైతము, పైపొర క్రింద ద్రవమును ఎక్కించి ఉబ్బజేసి, విద్యుచ్ఛురికతో చుట్టును కోసి, ఒకేముక్కగా ఒలిచి తీయు విద్యను జపాను వైద్యులు సాధించిరి. ఆ ముక్కను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, అంచులయందు రోగలేశము లేదనియు, అది లోతుపొరలకు దిగలేదనియు తేలినప్పుడే చికిత్స ముగిసినదని యెంతురు. దిగినదని తేలినచో సాధారణముగా శస్త్రవైద్యుని కత్తియే నేటికిని శరణ్యము.