చంతబురి: రాళ్లకు రంగు తెప్పించే ఊరు

చంతబురిలోని సీచాన్ రోడ్డులో వారాంతపు సంత తీరే వేరు. ఇక్కడ కొనేవాళ్లు కూర్చుంటారు, అమ్మేవాళ్లు తిరుగుతారు. బల్ల అద్దెకు తీసుకున్న వ్యాపారి ముందు దళారులు బారులు తీరి, మడత కాగితాలు విప్పి కెంపులు, నీలాలు చూపిస్తారు. ఆయన ఒక్కో రాయినీ దీపం కిందకు తెచ్చి, భూతద్దంలో తిప్పి తిప్పి చూస్తాడు. కాలిక్యులేటర్ మీద ఓ అంకె నొక్కుతాడు. బేరం కుదరకపోతే కాగితం మడతపెట్టుకుని పక్క బల్లకు వెళ్లిపోతారు.

బ్యాంకాక్‌కు ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి పేరు మనలో చాలామంది విని ఉండరు. గురుబలం కోసం ఉంగరం చేయించుకున్నవాళ్లకు మాత్రం ‘బ్యాంకాక్ పుష్యరాగం’ తెలిసే ఉంటుంది. థాయిలాండ్‌లో అలాంటి రాళ్లను కాల్చి రంగు తెప్పించే విద్యకు చంతబురి పెట్టింది పేరు. చుట్టుపక్కల గనులు చాలావరకు అడుగంటాయి. ఇప్పుడు ముడి రాయి మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి వస్తుంది. 1970లలో శ్రీలంకలో ఎవరూ పట్టించుకోని పాలరంగు ‘గ్యూడా’ రాళ్లను తెచ్చి, 1,600 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి, చక్కటి నీలాలుగా మార్చింది థాయి పనివాళ్లే. రాయి లోపలి సన్నటి సూదులు ఆ వేడికి కరిగిపోతాయి. మసక విడుతుంది, నీలం తేలుతుంది.

అంటే ఈ ఊరి అసలు సంపద పనితనం. దాన్ని టూరిస్టుకు దుకాణం అద్దంలోంచి చూపించి పంపేస్తే ఏం లాభం? వెళ్లినచోట స్థానికుల పనిలో తానూ చెయ్యి పెట్టి నేర్చుకోవడాన్ని పర్యాటక రంగ నిపుణులు గ్రెగ్ రిచర్డ్స్, క్రిస్పిన్ రేమండ్ 2000లో సృజనాత్మక పర్యాటకం అన్నారు. చంతబురికి కావలసింది అదే. ఇక్కడి ‘వేన్ కోన్’ ఉంగరాన్నే తీసుకోండి. విప్పితే ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సన్నటి వలయాలు వేలాడతాయి. వరస తెలిసి కలిపితే ఒక్క ఉంగరమై, పైన చేపో పీతో అమరుతుంది. దాన్ని విప్పి మళ్లీ కూర్చలేక తంటాలు పడినవాడికి కంసాలి నైపుణ్యం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఇలాంటి ఉంగరం చేయగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు.

కొలిమి సంగతి కూడా దాచకూడదు. 2001–02లో బెరీలియంతో కాల్చిన నారింజ రంగు రాళ్లు ఆ మాట చెప్పకుండానే మార్కెట్లోకి వెళ్లాయి. థాయి రాళ్ల మీద నమ్మకం బాగా దెబ్బతింది. బ్యాంకాక్‌లో కమీషన్ కోసం టూరిస్టులను రాళ్ల కొట్లకు తిప్పే మోసాలు ఆ అనుమానాన్ని పెంచుతూనే ఉన్నాయి. కాల్చే కిటుకు పనివాళ్ల కుటుంబ రహస్యమైతే ఉండనివ్వండి. కాల్చిన రాయినీ కాల్చనిదాన్నీ పక్కపక్కన పెట్టి, భూతద్దం చేతికిచ్చి తేడా చూపిస్తే చాలు. టూరిస్టు తాను ఏం కొంటున్నాడో తెలిసి కొంటాడు.

ఇంకో మాట. సానపట్టడమో రాయి పొదగడమో నేర్పినందుకు పనివాడికి గంటల లెక్కన డబ్బు ముట్టాలి, శిక్షణ రుసుములో సింహభాగం అతనికే దక్కాలి. టూరిస్టు రాయి కొన్నా కొనకపోయినా ఆ డబ్బు ఆగకూడదు. అమ్మకం మీద కమీషనే అతని కూలి అయితే, నేర్పాల్సినవాడు కూడా చివరికి రాయి అంటగట్టే పనిలోనే పడతాడు.