మోటారు సైకిలు విద్యుత్ దోషాలు – మిత్రుల సలహాలు

మన కళాశాలకు వచ్చే ఉపన్యాసకులలోను, విద్యార్థులలోను పలువురు ద్విచక్ర వాహనాలను నమ్ముకొన్నవారే. హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట్ కూడలికి చేరేసరికి విజయవాడ పోయే లారీలు, బస్సులు ఒకవైపు, బాహ్య వలయ రహదారి ఎక్కే కార్లు మరొకవైపు మనలను చుట్టుముడతాయి. 158 కిలోమీటర్ల ఆ వలయ రహదారిపై మన బండ్లకు ప్రవేశం లేదు. దాని పక్కదారులు, పూర్వం 9వ నంబరుగా ఉండి ఇప్పుడు 65వ నంబరైన జాతీయ రహదారి, ఇవే మనకు గతి. చీకటి పడిన తరువాత ఇట్టి చోట దీపం లేని బండి నడపడం ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా పెట్రోలు పోయించినంత శ్రద్ధగా బండి విద్యుత్తును గురించి ఆలోచించేవారు అరుదు. మేమూ ఆ కోవలోని వారమే. మా మాట వల్ల ఒక విద్యార్థికి కలిగిన నష్టమే మాకు ఈ పాఠం నేర్పింది. ఆ సంగతి చెప్పి, నేర్చుకొన్నదానిని విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాయంత్రం ఇంటిదారి పట్టినప్పుడు పెద్ద అంబర్‌పేట్‌లో ఒక చాయ్ హోటలు ముందు ఆగడం మాకూ, మా మిత్రులు ముగ్గురికీ చిరకాలపు అలవాటు. అక్కడ చాయ్ కంటె వేడిగా సాగేది ఒకరి బండిని ఒకరు ఎద్దేవా చేసే సంభాషణ. ఉర్దూ ఉపన్యాసకుల వద్ద మైసూరులో తయారైన పాత ఎజ్డీ ఉన్నది. ఆ కర్మాగారం 1996లోనే ఉత్పత్తి ఆపినా ఆయన బండి మాత్రం పదవీ విరమణకు ఒప్పుకోలేదు. "జనాబ్, మీ హెడ్‌లైటు వెలిగిందో లేదో చూడాలంటే అగ్గిపుల్ల గీయాలి" అని గణితోపన్యాసకులు అంటే, "నా దీపం పరదా పాటిస్తుంది మియా, అందరికీ కనిపించదు" అని ఆయన జవాబు. కార్యాలయ గుమాస్తాగారి బండికి హారను నొక్కితే ఇండికేటరు వెలిగేది. "ఈయన ఫైళ్ళూ ఇంతే, ఒక బల్ల మీద పెడితే ఇంకో బల్ల మీద తేలుతాయి" అని అందరం నవ్వుకొనేవారము. ఇక కొన్ననాటి నుంచి ఒక్కసారైనా సీటు విప్పి చూడలేదన్న కీర్తి మాది.

ఒక వానకాలపు సాయంత్రం బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మా దగ్గర బండి ఆపాడు. సెల్ఫు నొక్కితే టిక్కుమన్న శబ్దమే తప్ప ఇంజను తిరగడం లేదు. హారను గొంతు పూడుకుపోయింది. "ఏమైంటది సార్?" అని అడిగాడు. "ఇంకేముంది, బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేయించు" అని చాయ్ కప్పు దించకుండానే మేము తీర్పు చెప్పాము. మిత్రులు తల ఊపారు. అతడు తల్లి చీటీ డబ్బులోంచి తీసుకొని మరునాడే కొత్త బ్యాటరీ వేయించాడు. పాతది దుకాణంలోనే ఇచ్చివేశాడు.

ఇరవై రోజులు గడవకముందే అదే కూడలికి, అదే బండిని నెట్టుకొంటూ వచ్చాడు. కిక్కు కొడితే ఇంజను నడుస్తున్నది కాని వేగం తగ్గినప్పుడల్లా దీపం కొడిగట్టిన ప్రమిదలా అయిపోతున్నది. ఆ వెలుగులో లారీల మధ్య నడపడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఈసారి మమ్మల్ని ఏమీ అడగలేదు. నమస్కరించి ఊరకున్నాడు. ఆ మౌనం నిందకంటె గట్టిగా తగిలింది.

మిత్రులు మాత్రం సలహాలకు వెనుదీయలేదు. "బల్బు మార్చు" అన్నారు ఉర్దూ ఉపన్యాసకులు. "వైరింగంతా కొత్తది వేయించు" అన్నారు గణితోపన్యాసకులు. "ఫ్యూజు పీకి సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టు, పది నిమిషాల పని" అన్నారు గుమాస్తాగారు. పక్కన చాయ్ తాగుతున్న ఒక ఆటో డ్రైవరు ఇదంతా విని, "కుండ కొత్తదే సార్, కాని అండ్ల నీళ్ళు పడుతున్నయా లేవా చూసిన్రా?" అన్నాడు. పట్టాలు పొందిన మా నలుగురికీ తోచని ప్రశ్న అది. ఆ రాత్రి విద్యార్థిని మా బండి మీద ఇంటికి చేర్చి, మరునాడు అతని బండిని కళాశాల షెడ్డుకు తెప్పించాము. భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి ఒక మల్టీమీటరు అడిగి తెచ్చుకొన్నాము.

బండిలో విద్యుత్తు ఎట్లా పుడుతుందో ముందుగా తెలుసుకోవలెను. ఇంజనుతో పాటు ఒక అయస్కాంత చక్రం తిరుగుతుంది. దాని లోపల తీగచుట్ట కదలకుండా ఉంటుంది. దీనినే మెకానిక్కులు మాగ్నెట్ కాయిలు అంటారు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని 1831లో లండనులో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ సూత్రమే నేటికీ మన బండ్లలో పనిచేస్తున్నది. ఇట్లా పుట్టిన విద్యుత్తు క్షణక్షణం దిశ మార్చుకొంటుంది కాబట్టి బ్యాటరీలో నిలువ చేయడానికి పనికిరాదు. రెక్టిఫైయరు దానిని ఒకే దిశకు మళ్ళిస్తుంది. దానితో కలిసి ఉండే రెగ్యులేటరు వోల్టేజిని హద్దు మీరనివ్వదు. అక్కడి నుంచి అది బ్యాటరీకి చేరుతుంది. సీసపు పలకలు, ఆమ్లము కలిగిన ఈ బ్యాటరీ 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే చేసిన దాని సంతతి. ఇందులో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. విద్యుత్తుకు పోవడానికి ఒక దారి ఉంటే చాలదు, తిరిగి రావడానికీ దారి కావలెను. బండిలో పోయే దారి రంగురంగుల తీగలు. తిరిగి వచ్చే దారి చాలావరకు బండి ఇనుప చట్రమే. దీనినే ఎర్తు అంటారు. మనం పోయే దారినే చూస్తాము కాని తిరుగు దారిని మరచిపోతాము.

ఇప్పుడు కొలతలు చూద్దాము. బాగా నిండిన బ్యాటరీ ఇంజను ఆపి కొంతసేపు ఉంచిన తరువాత 12.6 నుంచి 12.8 వోల్టుల దాకా చూపుతుంది. 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుపుతూ కొంచెం వేగం పెంచితే అది సుమారు 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కవలెను. ఎక్కకపోతే బ్యాటరీ నిండడం లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికిస్తున్నదని అర్థం.

విద్యార్థి బండిలో ఇంజను ఆపినప్పుడు 11.8 ఉన్నది. నడిపినా 12కు చేరలేదు. "కాయిలు పోయింది, ఇంజను విప్పవలసిందే" అని ఒకరు అనబోయారు. తొందరపడవద్దని, మీటరు ఎర్ర తీగను బ్యాటరీ ధనధ్రువం మీదనే ఉంచి, నల్ల తీగను ఋణధ్రువం నుంచి తీసి ఇంజను లోహానికి ఆనించాము. మీటరు 14.2 చూపింది. అంటే విద్యుత్తు చక్కగా పుడుతున్నది, కాని ఇంజనుకూ బ్యాటరీ ఋణధ్రువానికీ మధ్య రెండు వోల్టులకు పైగా ఎక్కడో మింగుడు పడుతున్నది. ఆ రెండింటి నడుమ ఉన్నది ఒకే ఒక్క నల్ల తీగ, దానిని చట్రానికి బిగించే ఒకే ఒక్క బోల్టు.

విప్పి చూస్తే తీగ కొనకు ఉన్న రింగు తెల్లని పొక్కులతో, కింద చట్రం తుప్పుతో నిండి ఉన్నది. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, తేమ తగలకుండా పైన వాసెలిన్ పూశాము. పావుగంట పట్టింది. గరుకు కాగితం వెల తప్ప ఖర్చు లేదు. మళ్ళీ ఇంజను నడిపితే బ్యాటరీ రెండు ధ్రువాల మధ్యనే 14 వోల్టులు వచ్చాయి. మొదటి బ్యాటరీ కూడా ఆకలితో పడిపోయినదే కాని ఆయువు తీరి కాదేమో! ఆ సంగతి తేల్చుకొనే అవకాశం మా సలహాతోనే పోయింది.

తెలుగు చెప్పుకొనే వారము కనుక మాకు ఒక పోలిక తోచింది. రెండు పదాలు కలియవలసిన చోట కలియకుండా విడిపోతే దానిని విసంధి దోషమని మన లాక్షణికులు అన్నారు. బండిలో కూడా తీగ నడుమ తెగడం అరుదు. ఒక తీగ మరొకదానితో కలిసే చోటనే చిక్కు. కాబట్టి ఏ దోషం వచ్చినా ముందు సంధులను పరీక్షించవలెను. గుమాస్తాగారి బండిలో హారనుకు ఇండికేటరు వెలగడం కూడా ఈ దోషమే. ఎర్తు దారి మూసుకుపోతే విద్యుత్తు పొరుగింటి దారిన తిరిగి వస్తుంది. ఉర్దూ ఉపన్యాసకుల ఎజ్డీ ఆరు వోల్టులది. 35 వాట్ల బల్బుకు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల మీద దాదాపు 6 కావలెను. అందుచేత అదే తుప్పు పాత బండ్లను మరింత బాధిస్తుంది. సంధులు శుభ్రపరచిన తరువాత ఆయన దీపం పరదా కొంత తొలగించింది.

వెండికాగితం సలహాను మాత్రం విద్యార్థులు ఎన్నడూ పాటించరాదు. ఫ్యూజు నేరస్థుడు కాదు, కావలివాడు. హద్దు మీరిన విద్యుత్తు వచ్చినప్పుడు తాను కాలిపోయి తీగలను కాపాడుతుంది. దాని స్థానంలో కాగితమో రాగితీగో పెడితే కాలేది తీగల కట్ట. దానికి మీదనే ఉన్నది పెట్రోలు టాంకు! ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయవలెను. అదీ పోతే ఎక్కడో తీగ ఒరిసి చట్రానికి తగులుతున్నదని వెదకవలెను. హ్యాండిలు తిరిగే చోట, సీటు కింద ఈ ఒరిపిడి ఎక్కువ.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా ఋణధ్రువం, తరువాత ధనధ్రువం తీయవలెను. బిగించేటప్పుడు దీనికి విపర్యయం. ఋణధ్రువం ఉండగానే ధనధ్రువం మీద పెట్టిన పానా చట్రానికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. నీరు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లలో ఇంజను నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలిగే ఉంటుంది కాబట్టి దీపం ఆర్పి బ్యాటరీని పొదుపు చేసే పాత చిట్కా ఇక చెల్లదు.

స్వయంకృషికి కూడా ఒక ఎల్ల కలదు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త కాలుష్య ప్రమాణాలతో దాదాపు అన్ని బండ్లలోను ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పరికరమే కొలిచి పంపుతున్నది. అట్టి బండ్లలో బ్యాటరీ సంధులు, ఫ్యూజు, బల్బుల వరకే మన పని. మిగిలినది తెలిసిన మెకానిక్కుకు అప్పగించడమే వివేకం. అక్కడ కూడా కొలత ఏమి వచ్చిందని అడిగే హక్కు మనకు ఉన్నది.

కళాశాల సంఘం వారికి మా మనవి ఒకటి. వారానికి ఒక గంట, ప్రయోగశాలలోని మల్టీమీటరును షెడ్డు వద్ద అందుబాటులో ఉంచితే ఎన్నో ఇండ్లలో వృథా ఖర్చు తప్పుతుంది. విద్యార్థులకు పాఠ్యపుస్తకంలోని ఫారడే తమ బండిలో కనిపిస్తాడు.

ఆ విద్యార్థి బ్యాటరీ ఖర్చును మేము నలుగురము పంచుకొని ఇచ్చాము. అతడు వద్దన్నాడు కాని, తీర్పు చెప్పినవారే జుల్మానా కట్టాలని జనాబ్ పట్టుపట్టారు. చాయ్ హోటలు ముందు సంభాషణ ఇప్పటికీ సాగుతూనే ఉన్నది. హాస్యానికి లోటు లేదు. కాని ఎవరైనా సలహా ఇవ్వబోతే తక్కినవారు ఒక్కమాటగా అంటున్నారు: "ముందు కొలిచి చెప్పు మియా!"