25 ఫోటోల్లో ఒక మందారం

అయిదు రేకుల ఎర్ర మందారాన్ని ఎదురుగా పెట్టి, బాగా దగ్గర నుంచి ఫోటో తీస్తే అందులో సగమే కనిపిస్తుంది. పువ్వు మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కాడ చివర అయిదు కీలాగ్రాలుంటాయి. అవి స్పష్టంగా వస్తే వెనకున్న రేకులు మసకబారతాయి. రేకుల మీది ఈనెలు స్పష్టంగా వస్తే కీలాగ్రాలు ఎర్రటి మరకల్లా మిగులుతాయి. ఒక్క ఫోటోకు అందని ఈ లోతును, వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసిన అనేక ఫోటోలను కలిపి రాబట్టే పద్ధతి ఫోకస్ స్టాకింగ్.

మసక ఎందుకు వస్తుంది?

లెన్సు కచ్చితంగా ఫోకస్ చేయగలిగేది ఒకే దూరంలో ఉన్న తలాన్ని. దానికి కాస్త ముందూ, కాస్త వెనకా ఉన్నవి కూడా కంటికి స్పష్టంగానే అనిపిస్తాయి. ఆ మందమే డెప్త్ ఆఫ్ ఫీల్డ్. వస్తువుకు దగ్గరయ్యే కొద్దీ ఇది పలచబడుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, సెన్సర్ మీద పువ్వు బొమ్మ అసలు పరిమాణంలో సగం ఉండేలా తీస్తే, ఎఫ్/8 అపర్చర్ దగ్గర ఆ మందం సుమారు 3 మిల్లీమీటర్లు. బొమ్మ అసలు పరిమాణంలోనే పడేలా తీస్తే దాదాపు 1 మిల్లీమీటరే. మందార కాడ 5 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఒక ఫోటోలో దక్కేది అందులో చిన్న ముక్క మాత్రమే.

అపర్చర్‌ను బాగా మూసేస్తే సరిపోతుందనిపిస్తుంది. సగం పరిమాణంలో తీసేటప్పుడు ఎఫ్/22 పెట్టినా స్పష్టత 8 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి అంచుల దగ్గర చెదిరి, ఫోకస్‌లో ఉన్న భాగం కూడా మెత్తబడుతుంది. దీన్నే వివర్తనం అంటారు. దగ్గరి ఫోటోల్లో ఇది మరింత ఎక్కువ. అందుకే స్టాకింగ్ చేసేవారు సాధారణంగా లెన్సు బాగా పదునుగా పనిచేసే ఎఫ్/5.6, ఎఫ్/8 వంటి అపర్చర్లనే ఎంచుకుంటారు.

ఫోటోలు తీసే తీరు

కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, అపర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ నాలుగింటినీ మాన్యువల్‌లో స్థిరపరచాలి. వెలుగైనా రంగైనా ఫోటో ఫోటోకూ మారితే కలిపిన చిత్రంలో చారలు కనిపిస్తాయి. మొదటి ఫోటో కీలాగ్రాలకు కాస్త ముందు నుంచే మొదలవ్వాలి. అక్కడి నుంచి ఫోకస్‌ను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ వెళ్లాలి. స్పష్టంగా ఉండే మందం 3 మిల్లీమీటర్లయితే ఒక్కో అడుగు 2 మిల్లీమీటర్లకు మించకూడదు. ప్రతి ఫోటో అంచు తర్వాతి ఫోటోతో అతివ్యాప్తం కావాలి కదా. ఆ లెక్కన 5 సెంటీమీటర్ల లోతుకు సుమారు 25 ఫోటోలు పడతాయి. నడుమ ఒక్క అడుగు తప్పినా అక్కడ మసక పట్టీ మిగులుతుంది. రెండు ఫోటోలు ఎక్కువైతే మాత్రం నష్టం లేదు.

ఫోకస్‌ను జరపడానికి రెండు దారులు. ఒకటి లెన్సు రింగును తిప్పడం, రెండోది కెమెరానే రైలు అనే పరికరం మీద ముందుకు నెట్టడం. పువ్వు మొత్తాన్ని తీసేటప్పుడు రింగే అనుకూలం. పుప్పొడి రేణువుల్లాంటి వాటిని అసలు కన్నా పెద్దగా తీయాలంటే రైలు మేలు. కొన్ని కెమెరాలు ఈ పనిని వాటంతటవే చేస్తాయి. 2017లో వచ్చిన నికాన్ డీ850 ఒకే విడతలో 300 ఫోటోల దాకా ఫోకస్ జరుపుతూ తీయగలదు.

కదలికే అసలు శత్రువు

ఒక్క ఫోటో క్షణంలో అయిపోతుంది. 25 ఫోటోలకు నిమిషం పైనే పట్టవచ్చు. అంతసేపూ పువ్వు కదలకూడదు. ఫ్లాష్ వాడితే ఒక్కో ఫోటోలో కదలిక ఆగుతుంది కానీ, రెండు ఫోటోల మధ్య రేకు ఊగితే ఫ్లాష్ చేయగలిగిందేమీ లేదు. అందువల్ల పువ్వును తొడిమతో కోసి గదిలో కిటికీ పక్కన పెట్టి, ఫ్యాన్ ఆపి, తొడిమను క్లిప్పుతో బిగించి తీయడం సులువు. రేకుల్లో చీమ తిరుగుతుంటే అది చివరి చిత్రంలో నాలుగైదు చోట్ల ప్రత్యక్షమవుతుంది. నీటి చుక్క జారినా అంతే. మందారం ఉదయం విచ్చుకుని, చాలా రకాల్లో అదే రోజు సాయంత్రానికి ముడుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్నాక, వాడడం మొదలవ్వక ముందే ఫోటోలు తీయడం మంచిది.

కలపడం, సరిదిద్దడం

ఫోకస్ మారినప్పుడు బొమ్మ పరిమాణం కూడా కొద్దిగా మారుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ మొదట ఫోటోలన్నిటినీ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుతుంది. తర్వాత ప్రతి చోటా ఏ ఫోటోలో అంచులు పదునుగా ఉన్నాయో వెతికి, ఆ భాగాలనే ఏరి అతుకుతుంది. ఫోటోషాప్‌లో ఈ సదుపాయం ఉంది. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ ప్రత్యేకంగా దీనికోసమే తయారైనవి. ఏ చోటు ఎంత దూరంలో ఉందో చూపే లోతు పటం ఆధారంగా కలిపే విధానంలో రేకుల నునుపు, రంగు చెడకుండా ఉంటాయి. పిరమిడ్ అనే మరో విధానం ఒకదాన్నొకటి దాటే కేసరాలను, నూగును బాగా పట్టుకుంటుంది కానీ చుక్కల గరుకును పెంచుతుంది.

ఎక్కువగా ఎదురయ్యే లోపం కీలాగ్రాల చుట్టూ మసక వలయం. వెనక రేకు మీద ఫోకస్ పెట్టినప్పుడు ముందున్న కీలాగ్రం ఉబ్బినట్టు మసకబారి, తన చుట్టూ ఉన్న రేకు భాగాన్ని కప్పేస్తుంది. ఆ భాగం ఏ ఫోటోలోనూ స్పష్టంగా పడదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ఏరుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు చేత్తో దిద్దాలి. లేదంటే మళ్లీ తీసేటప్పుడు పువ్వును పక్కకు తిప్పాలి. కాడ సెన్సర్‌కు సమాంతరంగా ఉంటే లోతు తగ్గుతుంది, ఫోటోలూ తగ్గుతాయి.

ఈ పద్ధతి పూలకే పరిమితం కాదు. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ లెవాన్ బిస్ ఒక్కో కీటకం చిత్రానికి సుమారు 8,000 ఫోటోలు కలిపారు. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌లోని మాలీ కెమెరా, రాళ్లను దగ్గర నుంచి తీసిన ఫోటోలను అక్కడికక్కడే ఇలా కలపగలదు.

పూల విషయంలో ఎక్కడ ఆపాలో తెలియడమూ ముఖ్యమే. చివరి రేకు అంచు దాటగానే ఆపేస్తే వెనక ఆకులు మసకగానే ఉండి పువ్వు విడిగా నిలుస్తుంది. తీసిన ఫోటోలను పువ్వు వాడకముందే కంప్యూటర్‌లో కలిపి చూసుకోవాలి. ఎక్కడైనా అడుగు తప్పిందని సాయంత్రం తెలిస్తే, అప్పటికి ఆ పువ్వు ముడుచుకుపోయి ఉంటుంది.