చిన్న దుకాణంలో సిబ్బంది నిర్వహణ

పరిచయం

దుకాణం పెట్టడానికి పెట్టుబడి, పనిముట్లు, చోటు ఎలా సమకూర్చుకోవాలో వెనుకటి పాఠాలలో చదివారు. మొదట్లో పనంతా మీరే చేసుకుంటారు. గిరాకీ పెరిగిన తర్వాత ఒకరినో ఇద్దరినో పనిలో పెట్టుకోక తప్పదు. ఆ రోజు నుంచి మీ వృత్తికి ఇంకొక పని తోడవుతుంది. అదే ఇతరుల చేత పని చేయించడం. కుట్టుపని నేర్పడానికి గురువు ఉంటాడు. వడ్రంగం నేర్పడానికీ ఉంటాడు. కాని పనివారితో ఎలా మెలగాలో నేర్పే గురువు చాలామందికి దొరకడు. దెబ్బ తిని నేర్చుకోవలసి వస్తుంది. ఆ దెబ్బ తినకముందే కొన్ని విషయాలు తెలియజేయడం కోసమే ఈ పాఠం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పనివాడికీ యజమానికీ పనిలో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మీ దుకాణంలో పని ఎక్కడ ఆగిపోతున్నదో లెక్కవేసి గుర్తించగలుగుతారు.
• తప్పు జరిగినప్పుడు దాని కారణాన్ని విచారించగలుగుతారు.
• జీతం, అడ్వాన్సు, కోతల విషయంలో పాటించవలసిన నియమాలను చెప్పగలుగుతారు.

1. ఒక దర్జీ దుకాణం

ఈ పాఠమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న పట్టణంలో బస్టాండు పక్క వీధిలో ఒక దర్జీ దుకాణం ఉందనుకోండి. యజమాని ఇరవై ఏళ్లు వేరే దుకాణాలలో కుట్టి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. నాలుగు మిషన్ల మీద నలుగురు ముక్క కూలీకి కుడతారు. హుక్కులు, హెమ్మింగు చేయడానికి ఒక స్త్రీ నెల జీతానికి వస్తుంది. కొలతలు తీయడం, బట్ట కత్తిరించడం యజమాని చేతిలోనే ఉన్నాయి. ఎక్కువగా ఆడవారి జాకెట్లు కుడతారు.

దసరాకు ఇంకా పదిహేను రోజులుంది. ఒక ఖాతాదారు వచ్చి, జాకెట్టు చేతులు పట్టడం లేదని నలుగురిలో గట్టిగా అడిగింది. యజమాని ఆమె ముందే కుట్టిన పనివాణ్ని తిట్టాడు. ఆ వారం కూలీలో 300 రూపాయలు కోశాడు. మర్నాడు ఆ పనివాడు రాలేదు. రెండో రోజు కూడా రాలేదు. మూడో రోజు పక్క వీధిలోని దుకాణంలో మిషను మీద కనిపించాడు.

ఇది మామూలుగా జరిగేదే అనిపించవచ్చు. కాని లెక్క వేసి చూడండి. ఒక పనివాడు రోజుకు 8 జాకెట్లు కుడతాడనీ, కూలీ, దారం ఖర్చులు పోగా జాకెట్టుకు దుకాణానికి 40 రూపాయలు మిగులుతాయనీ అనుకుందాం. మిషను పదిహేను రోజులు ఖాళీగా ఉంటే 120 జాకెట్లు ఆగిపోయినట్లు. అంటే 4,800 రూపాయలు. 300 కోసి 4,800 పోగొట్టుకున్నాడు. చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వలేకపోవడం వల్ల పోయిన పేరు ఈ లెక్కలోకి రాలేదు.

ఈ నష్టానికి కారణం పనివాడి కోపమేనా? ముందుకు చదవండి.

2. యజమాని పని ఏది?

మంచి పనివాడు యజమాని అయినప్పుడు సాధారణంగా ఒక పొరపాటు చేస్తాడు. తనకు బాగా వచ్చిన పనినే ఇంకా ఎక్కువగా చేస్తాడు. మన దర్జీ కూడా అంతే. పని ఒత్తిడి పెరిగిన కొద్దీ తానే మిషను మీద కూర్చుంటాడు. ఉదయం పది గంటలకు ఒక పనివాడు వచ్చి, "మాస్టారూ, కటింగు లేదు" అంటాడు. పదకొండుకు మరొకడు అదే మాట అంటాడు. యజమాని రెండు జాకెట్లు కుట్టే లోపల ఇద్దరు పనివారు ఖాళీగా కూర్చుంటారు.

ఇక్కడ మళ్లీ లెక్క వేద్దాం. నలుగురు రోజుకు 32 జాకెట్లు కుట్టగలరు. ఒక జాకెట్టు కత్తిరించడానికి 12 నిమిషాలు పడుతుందనుకుంటే, 32 జాకెట్లకు 384 నిమిషాలు, అంటే 6 గంటల 24 నిమిషాలు కావాలి. ఖాతాదారులతో మాట్లాడటం, కొలతలు తీయడం, సామాను కొనడం దీనికి అదనం. ఇంత పని ఉన్న మనిషి మిషను మీద కూర్చుంటే దుకాణం నడక ఆగిపోతుంది. ముక్క కూలీకి పనిచేసేవారికి ఖాళీ గంట అంటే పోయిన కూలీయే. వారి విసుగు అక్కడే మొదలవుతుంది.

కాబట్టి యజమాని ఉదయాన్నే వేసుకోవలసిన ప్రశ్న, "ఈ రోజు నేనేం కుట్టాలి?" అన్నది కాదు. "ఈ రోజు ఎవరి పని ఎక్కడ ఆగవచ్చు?" అన్నది. దుకాణం మూసేముందు మర్నాటి మొదటి గంటకు కావలసిన కటింగు సిద్ధం చేసి పెట్టుకోవడం దీనికి ఒక మార్గం. కుట్టేవారిలో ఒకరికి కటింగు నేర్పడం రెండో మార్గం.

నేర్పితే వెళ్లి సొంత దుకాణం పెట్టుకుంటాడేమో అని చాలామంది భయపడతారు. ఆ భయంలో కొంత నిజముంది. కాని కత్తెర ఒక్కరి చేతిలోనే ఉన్న దుకాణం, ఆ ఒక్కరికి జ్వరం వస్తే మూతపడుతుంది. రెండింటిలో ఏది పెద్ద నష్టమో మీరే తూచి చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
(అ) పై దుకాణంలో ఐదో మిషను కొంటే పని పెరుగుతుందా? కారణం రాయండి.
(ఆ) మీకు తెలిసిన ఒక హోటలు గాని, మెకానిక్ షెడ్డు గాని తీసుకోండి. అక్కడ ఒక్కరు రాకపోతే ఆగిపోయే పని ఏది?

3. తప్పు జరిగినప్పుడు

మళ్లీ ఆ జాకెట్టు దగ్గరికి వద్దాం. పనివాడు వెళ్లిపోయిన తర్వాత యజమాని కొలతల పుస్తకం తీసి చూశాడు. చేతి లూజు దగ్గర 11 అని రాసి, దాని మీదే 12 అని దిద్ది ఉంది. దిద్దిన చేతిరాత తనదే. ఆ అంకెను 11 అని చదివి కత్తిరించిందీ తానే. ఇచ్చిన ముక్కలను పనివాడు సరిగానే కుట్టాడు.

తప్పు కనబడగానే మన కళ్లు మనిషి కోసం వెతుకుతాయి. ముందు పద్ధతిని చూడాలి. కింది మూడు ప్రశ్నలను వరుసగా వేసుకోండి.

(1) చేయవలసినది స్పష్టంగా చెప్పామా? ఇక్కడ చెప్పలేదు. అంకె దిద్దవలసి వస్తే కొట్టివేసి పక్కన మళ్లీ రాయాలనే చిన్న నియమం ఉంటే సరిపోయేది.
(2) ఆ పని చేయడం అతనికి వచ్చా? రాకపోతే నేర్పాలి. తిట్టడం వల్ల పని రాదు.
(3) తెలిసీ, వచ్చీ, నిర్లక్ష్యం చేశాడా? చేస్తే మాట్లాడవలసిందే. అయితే పక్కకు పిలిచి, జరిగిన ఒక్క విషయం గురించే మాట్లాడాలి. పోయిన సంవత్సరం సంగతులు తీయకూడదు. అతను చెప్పేది పూర్తిగా వినాలి.

ఖాతాదారు ముందు యజమాని అనవలసిన మాట ఒక్కటే: "అమ్మా, తప్పు మా దుకాణానిది. రేపటికి సరిచేసి ఇస్తాం." దీనివల్ల ఖాతాదారుకు కావలసింది దక్కుతుంది. పనివాడి పరువూ నిలుస్తుంది. చిన్న ఊళ్లో పరువు పోవడం కూలీ పోవడం కన్నా ఎక్కువ బాధిస్తుంది. ఆ పనివాడు 300 రూపాయల కోసమే మానేశాడనుకుంటే పొరపాటు.

4. జీతం, అడ్వాన్సు, కోతలు

మెచ్చుకోలు మాటలు ఎన్ని చెప్పినా, జీతం రోజు దాటితే అవి పనిచేయవు. అందువల్ల ఈ విషయంలో మంచితనం ఒక్కటే చాలదు. నియమాలు తెలిసి ఉండాలి.

కనీస వేతనాల గురించి మన దేశంలో 1948లో చట్టం వచ్చింది. జీతాల చెల్లింపు చట్టం అంతకు ముందే, 1936లో వచ్చింది. ఈ అంశాలను కలిపి పార్లమెంటు 2019లో వేతనాల కోడ్‌ను ఆమోదించింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. చిన్న దుకాణం యజమాని అందులో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి ఇవి:

• నెల జీతాన్ని మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. వారం కూలీని వారంలో చివరి పనిరోజున, రోజు కూలీని ఆ రోజు పని ముగిసేసరికి ఇవ్వాలి.
• పనివారు మానేసినా, మీరు తీసివేసినా, రావలసిన జీతాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి.
• ముక్క కూలీకి పనిచేసేవారికి కూడా కనీస వేతనం వర్తిస్తుంది.
• ఒకే రకమైన పనికి స్త్రీకి ఒక రేటు, పురుషుడికి ఒక రేటు ఉండకూడదు.
• వస్తువు పాడయిందని కోత వేసేముందు పనివారికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నష్టం వారి అశ్రద్ధ వల్లే జరిగి ఉండాలి.
• అన్ని కోతలూ కలిపి జీతంలో సగానికి మించకూడదు.

మన దర్జీ వేసిన 300 రూపాయల కోతను ఇప్పుడు పరిశీలించండి. అతను పనివాణ్ని అడగలేదు. అశ్రద్ధ పనివాడిది కూడా కాదు. ఆ కోత మర్యాద రీత్యానే కాదు, నియమం రీత్యా కూడా నిలవదు.

అడ్వాన్సు సంగతి విడిగా చెప్పుకోవాలి. పెళ్లికో, వైద్యానికో పనివారు డబ్బు అడుగుతారు. ఇవ్వడం మంచిదే. ఇచ్చిన రోజు, మొత్తం, నెలకు ఎంత తగ్గించుకుంటారన్నది పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అయితే కొందరు యజమానులు అడ్వాన్సును పగ్గంలా వాడతారు. "బాకీ తీరేదాకా ఇంకెక్కడికీ వెళ్లడానికి వీల్లేదు" అంటారు. అప్పు పేరుతో మనిషి ఇంకొక చోట పనిచేసుకునే స్వేచ్ఛను కట్టివేయడం 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. అది నేరం. అలా కట్టివేసిన మనిషి పని మీద మనసు పెట్టడు కూడా.

5. మరి కొన్ని బాధ్యతలు

పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ ఈ నిషేధాన్ని అన్ని వృత్తులకూ విస్తరించింది. బడి మానేసిన పిల్లవాణ్ని తల్లిదండ్రులే తెచ్చి, "కాజాలు కుట్టడం నేర్పండి" అని అడిగినా ఒప్పుకోవద్దు.

దుకాణంలో స్త్రీలు పనిచేస్తుంటే వారి భద్రత మీ బాధ్యత. పదిమంది కన్నా తక్కువ మంది ఉన్నచోట లైంగిక వేధింపు జరిగితే, 2013 చట్టం ప్రకారం జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ విషయం మీ దగ్గర పనిచేసే స్త్రీలకు మీరే తెలియజేయండి.

మీ రాష్ట్రంలో కనీస వేతనం ఎంతో, దుకాణాల పనివేళలు ఏమిటో దగ్గరలోని కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి రాసుకోండి. రేట్లు మారుతుంటాయి కాబట్టి అప్పుడప్పుడు మళ్లీ కనుక్కోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
(ఇ) నెల జీతగాడు 20వ తేదీన చెప్పి మానేశాడు. అతని జీతం వచ్చే నెల 7వ తేదీ దాకా ఆపవచ్చా?
(ఈ) అడ్వాన్సు తీసుకున్న పనివాడు వేరే దుకాణానికి వెళ్తానన్నాడు. యజమాని ఏం చేయవచ్చు? ఏం చేయకూడదు?

సారాంశం

యజమాని ముఖ్యమైన పని, ఇతరుల పని ఆగకుండా చూడటం. తప్పు జరిగితే ముందు పద్ధతిని, తర్వాత మనిషిని పరిశీలించాలి. మందలింపు పక్కకు పిలిచి చేయాలి. జీతం తేదీకి ఇవ్వాలి. అడ్వాన్సు సహాయమే గాని సంకెల కాకూడదు.

అభ్యాసం

మన దర్జీ పక్క వీధికి వెళ్లి ఆ పనివాణ్ని కలవాలనుకున్నాడు. అతను ముందుగా ఏ మాట చెప్పాలి? 300 రూపాయలను ఏం చేయాలి? పనివాడు తిరిగి రానన్నా అవి రెండూ చేయాలా? పది వాక్యాలలో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని సలహాదారుతో చర్చించండి.

జవాబులు

(అ) పెరగదు. కటింగు చాలక ఇప్పటికే ఉన్న మిషన్లు ఆగుతున్నాయి. ముందు కటింగు పెరగాలి.
(ఆ) మీ పరిశీలన ప్రకారం రాయండి.
(ఇ) ఆపకూడదు. రెండు పనిదినాలలో చెల్లించాలి.
(ఈ) మిగిలిన బాకీని ఎలా తీర్చాలో ఒప్పందం చేసుకోవచ్చు. వెళ్లకుండా అడ్డుకోకూడదు.