రాజ్యం పోయింది, మగ్గం ఆగలేదు: గద్వాల చీర వెనక అసలు కథ

 గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చూస్తున్న మన వాళ్లకి ఈ వీడియో స్పెషల్. ఎందుకంటే ఈ రోజు టాపిక్ మీ దగ్గరే మొదలై, చైనా దాకా పోయి, హైదరాబాద్ మీదుగా మళ్లీ మీ ఊరికే వస్తుంది.

ముందు ఒక ప్రశ్న. యుద్ధం అయిపోయింది, రాజు ఓడిపోయాడు. పుస్తకంలో ఎవరు గెలిచారో రాసి ఉంటుంది. మరి ఆ రాజు కార్ఖానాలో ఫిరంగి పోసినవాళ్లు, బట్ట నేసినవాళ్లు ఏమయ్యారు? వాళ్ల చేతుల్లో ఉన్న పని ఎటు పోయింది?

చైనాలో ఏం జరిగింది?

పాత చైనాలో కంచు ఆయుధాలు, మంచి పట్టు బట్టలు ఎక్కువగా రాజుగారి కార్ఖానాల్లోనే తయారయ్యేవి. పనివాళ్లకి తిండి పెట్టేది ప్రభుత్వం, పని చెప్పేదీ ప్రభుత్వమే. చిన్ రాజ్యంలో అయితే ఆయుధం మీద తయారైన సంవత్సరం, పై అధికారి పేరు, చేసిన పనివాడి పేరు చెక్కించేవాళ్లు. మట్టి సైనికుల బొమ్మలు దొరికిన చోట ఇలాంటి ఆయుధాలు బయటపడ్డాయి. పేరు చెక్కింది పనివాడిని గౌరవించడానికి అనుకుంటున్నారా? కాదు. పనిలో తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలియాలని.

ఇప్పుడు అసలు సంగతి వినండి. క్రీ.పూ. 589లో చూ అనే పెద్ద రాజ్యం, లూ అనే చిన్న రాజ్యం మీదికి వచ్చింది. లూ వాళ్లు సంధి కోసం ఏం ఇచ్చారో తెలుసా? 100 మంది వడ్రంగులు, 100 మంది సూదిపని వాళ్లు, 100 మంది నేతపని వాళ్లు. మొత్తం 300 మంది మనుషులు! వాళ్లతో పాటు రాజకుటుంబం మనిషిని ఒకర్ని తాకట్టుగా పంపారు. జువో జువాన్ అనే పాత చరిత్ర గ్రంథంలో ఇది ఉంది. ఆ రాజకుటుంబం మనిషి దారిలోనే తప్పించుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ 300 మంది తిరిగొచ్చారన్న మాట మాత్రం అందులో లేదు.

పాయింట్ అర్థమైంది కదా? రాజు కార్ఖానాలో పని అంటే తిండికి గ్యారంటీ ఉంది. కానీ యుద్ధం వస్తే, పనివాడు కూడా రాజుగారి ఖజానాలో ఒక సామాను అయిపోతాడు.

మన హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ

"అది చైనా అన్నా, మనకెందుకు" అంటారేమో. హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బోర్డు చూసే ఉంటారు. పాతవాళ్లు తోప్ కా సాంచా అనేవాళ్లు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో, ఆయన కొలువులో ఉన్న ఫ్రెంచ్ అధికారి రేమండ్ ఆధ్వర్యంలో అక్కడ ఫిరంగులు పోసేవాళ్లు. రేమండ్ కింద పది వేలకు పైగా సైన్యం ఉండేది. ఇంగ్లీషువాళ్లకి ఇది కంట్లో నలుసు.

1795లో ఖర్దా దగ్గర నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబర్‌లో ఆ ఫ్రెంచ్ దళాన్ని నిరాయుధం చేసేశారు. అది కూడా పెద్ద యుద్ధం లేకుండానే. జీతాలు అందక సైనికులే తమ అధికారుల మీద తిరగబడ్డారు. ఆ తర్వాత నిజాం రక్షణ కంపెనీ సైన్యం చేతికి పోయింది.

మరి సొంత ఫిరంగులు పోసే పని? దానికి కొనేవాడు ఒక్కడే, నిజాం. ఇంట్లో వాడుకోవడానికి ఫిరంగి ఎవరూ కొనరు కదా! ఒక్క కస్టమర్ పోతే దుకాణం మూతే. ఈ రోజు అక్కడ మిగిలింది పాత కట్టడం ఆనవాళ్లు, ఒక ఏరియా పేరు.

ఇప్పుడు గద్వాలకి వద్దాం

మన మూడు జిల్లాల్లో సంస్థానాలు ఉండేవి: గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు లాంటివి. నిజాంకి కప్పం కట్టేవాళ్లు, లోపల పాలన వాళ్లదే. గద్వాలకి చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. కోటలో ఉన్న ఎం.ఎ.ఎల్.డి. కాలేజీలో చదివినవాళ్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు, కాలేజీ పేరే ఆమెది. ఇక్కడి నేతగాళ్లని సంస్థానం బెనారస్ పంపించి కొత్త పని నేర్పించిందని గద్వాలలో చెప్పుకుంటారు.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. రెండో ప్రపంచ యుద్ధంలో మిల్లులు సైన్యం బట్ట మీద పడ్డాయి, దేశమంతా చేనేతకి నూలు దొరకడం కష్టమైంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. 1949లో జాగీర్దారీ రద్దు. సంస్థానం పోయింది, రాణిగారి ఆర్డర్లు పోయాయి. లెక్క ప్రకారం గద్వాల చీర కూడా గన్‌ఫౌండ్రీ లాగా ఒక పేరుగా మిగలాలి. మిగల్లేదు. ఎందుకు?

ఒకటి, మగ్గం కోటలో లేదు, ఇంట్లో ఉంది. ఆసు పోయడం, కండెలు చుట్టడం, నేయడం అంతా కుటుంబం పని. రాజు మారితే ఇల్లు మారదు. రెండు, చీర కట్టేది రాణి ఒక్కతే కాదు. పెళ్లికి, పండక్కి, గుడికి కావాలి. కొనేవాళ్లు వేలమంది. మూడు, పని అంత ఈజీగా కాపీ అయ్యేది కాదు. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ కుట్టరు. నేతలోనే, మూడు నాడెలతో, ఒళ్లు పేకనీ అంచు పేకనీ ఒకదాన్నొకటి పెనవేస్తారు. దీన్నే కుప్పడం అంటారు. పక్కన ఇంకో మనిషి సాయం ఉండాలి.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర వరద రాజోలిని ముంచింది. ఇళ్లతో పాటు మగ్గాలూ నీళ్లలో పోయాయి. అయినా రాజోలిలో మళ్లీ మగ్గం చప్పుడు వినిపించింది. కర్ర సామాను పోతే మళ్లీ చేయించుకోవచ్చు, చేతిలో పని ఉంటే చాలు.

కానీ ఇక్కడితో హ్యాపీ ఎండింగ్ కాదు

ప్రభుత్వం అండ వద్దు అని నేను అనట్లేదు. బెనారస్ పంపించడం లాంటి అండే కావాలి, పని నేర్పేది. ఒక్కడే కొనుగోలుదారుడి మీద బతకడం మాత్రం డేంజర్. సిరిసిల్ల చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ మీద అక్కడ మరమగ్గాలు నడిచాయి. ఆ ఆర్డర్ ఆగినప్పుడు ఎన్నో మగ్గాలు ఆగాయి. రెండున్నర వేల ఏళ్ల కిందటి చైనా పాఠమే, మన రాష్ట్రంలోనే.

గద్వాలకి ఇప్పుడున్న ముప్పు ఇంకోటి. యుద్ధం కాదు, వరద కాదు. కూలి గిట్టుబాటు కాక నేతగాడి పిల్లలే మగ్గం వదిలేస్తున్నారు. ఇంట్లో ఉండటమే ఈ పనిని కాపాడింది అన్నాం కదా, ఆ ఇంట్లో నేర్చుకునేవాళ్లు లేకపోతే? రాజులు పోయినా ఆగని మగ్గం, ఏ గొడవా లేకుండా నిశ్శబ్దంగా ఆగిపోతుంది.

మీరు చేయగలిగింది చిన్నదే. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి గద్వాల చీర కనిపిస్తే ఆగండి. ఒళ్లు నూలా, అంచు పట్టా అడగండి. తిప్పి చూసి, రెండూ కలిసే చోట పెనవేసిన నేత ఉందో లేదో చూడండి. చేనేత గుర్తు ఉందా చూడండి. ఇంట్లో నానమ్మ బీరువాలో పాత గద్వాల చీర ఉంటే బయటికి తీసి ఆ అతుకు మీద ఒక్కసారి వేలు పెట్టండి. నేసినవాళ్ల పేరు దాని మీద ఉండదు. పని మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో ఎవరైనా మగ్గం నేసినవాళ్లుంటే ముందు వాళ్లకి ఈ వీడియో చూపించండి. మళ్లీ కలుద్దాం.