పుస్తకం వీపున రంగు చీటీ

కోల్‌కతా: ఢిల్లీలో కూర్చుని విద్యా వ్యవహారాలు వ్రాసేవాడికి చదువంటే దస్త్రాలే. 2020లో జాతీయ విద్యా విధానం వచ్చింది. 2021 జులైలో ‘నిపుణ్ భారత్’ ప్రారంభమైంది. ప్రాథమిక దశలో పిల్లలందరూ 2026-27 నాటికి అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది దాని సంకల్పం. సచివాలయ వరండాలలో ఈ మాటలు వినీ వినీ చెవులు మొద్దుబారాయి. ఈ వారం కోల్‌కతాలో ఒక పాఠశాల గ్రంథాలయంలో గంటసేపు గడిపాక గాని వాటి బరువు తెలియరాలేదు.

ఆ పాఠశాల గార్డెన్ రీచ్ ప్రాంతంలోనిది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న తావు కనుక, బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు అక్కడ పాతుకుపోయాయి. గ్రంథాలయంలో మూడు బీరువాలు. ప్రతి పుస్తకం వీపునా ఒక రంగు చీటీ: ఎరుపు మొదటి మెట్టు, నీలం చివరి మెట్టు. పరీక్ష పెట్టి పిల్లలకూ రంగు నిర్ణయిస్తారు. ఎవరి రంగు పుస్తకం వారే తీసుకోవాలి. గ్రంథపాలకురాలు ఈ ఏర్పాటును ఎంతో శ్రద్ధగా వివరించారు. ఆమె చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు.

శ్రీకాకుళం మూలాలున్న పన్నెండేళ్ల బాలిక ఒకతె ఎర్ర చీటీ పుస్తకంతో నిలబడి ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, స్నేహితులతో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. ఏం చదువుతున్నావమ్మా అని తెలుగులో అడిగాను. అరచేత్తో చీటీని కప్పి, “ఇది నాకు కాదండీ, మా తమ్ముడికి” అంది. ఆమెకు తమ్ముడు లేడని తరువాత తెలిసింది.

మెట్లు కట్టడం తప్పని ఎవరనగలరు? ఆ విద్యలో బెంగాలుదే అగ్రస్థానం. 1855లో విద్యాసాగరుడు ‘వర్ణపరిచయ్’ వ్రాస్తూ సంయుక్తాక్షరాలను రెండవ భాగానికి అట్టిపెట్టాడు. 1930లో రవీంద్రుడు ‘సహజ్ పాఠ్’ మొదటి భాగాన్ని ఒత్తులు లేకుండానే నడిపాడు. నందలాల్ బోస్ దానికి బొమ్మలు వేశాడు. మన కాలంలో ఎన్‌సీఈఆర్‌టీ 2008లో తెచ్చిన ‘బర్ఖా’ వరుసలో నలభై పుస్తకాలు, నాలుగు మెట్లు. అవసరమూ లేకపోలేదు: 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 27 మందే. అయితే పుస్తకాన్ని కొలవడం వేరు, బిడ్డ నుదుట ముద్ర వేయడం వేరు. అమెరికాలో పాఠశాల గ్రంథపాలకుల సంఘం 2011లోనే ఇటువంటి చీటీలను వ్యతిరేకించింది. ఏ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో తోటివారికి తెలియనవసరం లేదని, అరలలో స్వేచ్ఛగా వెతుక్కునే హక్కు పోగూడదని దాని వాదం. ఎ నుంచి జెడ్ వరకు మెట్లు కట్టిన ఫౌంటాస్, పిన్నెల్ అనే విద్యావేత్తలు సైతం అది ఉపాధ్యాయుల పనిముట్టే గాని పిల్లల బిరుదు కాదని చెప్పుకోవలసి వచ్చింది.

కొలబద్ద మాటకు వస్తే మరొక చిక్కు. 1948 నాటి ఫ్లెష్ సూత్రం వంటివి వాక్యంలో మాటలను, మాటలో అక్షరభాగాలను లెక్కిస్తాయి. ఆ లెక్కన ‘వెళ్ళలేకపోతున్నానని’ అనే మన మాట మహాకఠినం. అయిదేళ్ల పసివాడు బడి ఎగవేయడానికి రోజూ వాడే మాట అది! (పెద్ద బాలశిక్షకు ఏ రంగు వేస్తారో చూడాలని నా కోరిక. అక్షరమాల నుంచి శతక పద్యాల దాకా ఒకే అట్టలో ఇమిడిన పుస్తకం.)

చీటీని అట్ట లోపల అంటిస్తే సరిపోదా అని గ్రంథపాలకురాలిని అడిగాను. “తనిఖీకి వచ్చేవారికి పైకి కనబడాలి కదా” అన్నారామె. అందులో అబద్ధమేమీ లేదు; తనిఖీ నివేదికలు చివరకు చేరేది మా ఢిల్లీకే.

బయలుదేరబోతూ, తెలుగు పుస్తకాలకు ఏ రంగు అని అడిగాను. ఆమె మూడు బీరువాలూ తెరిచి చూపించారు. తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు.